గొర్రెపిల్లకిచ్చిన నడక

"ఈ పొద్దు కూడా మడమ ఆన్లేదు అరసీ. ఇంక ఎప్పటికీ ఆనదేమో."

ఈ మాట ప్రీతి మొగుడితో కూడా ఇంత తేటగా అనలేదు. మిద్దె మీద, బట్టలు ఆరేసే తీగ కింద నిలబడి, ఆడబిడ్డ ఇళవరసితో అంది. వాళ్ళ ముందు సిమెంటు నేల మీద కూతురు శక్తి తడి అడుగులు వరుసగా పడి ఉన్నాయి. ఒక్కో గుర్తులో ఐదు వేళ్ళు, ముందరి పాదం, అంతే. మడమ ఉండాల్సిన చోట నేల పొడిగానే ఉంది.

శక్తికి రెండేళ్ళ పది నెలలు. నడక నేర్చినప్పటి నుంచీ మునివేళ్ళ మీదే నడుస్తుంది. డాక్టరమ్మ కాళ్ళు వంచి, సాగదీసి, తట్టి చూసింది. ఇప్పటికైతే భయపడాల్సిందేమీ కనబడలేదని, చాలామంది పిల్లలకు కొంత వయసొచ్చాక దానంతటదే సర్దుకుంటుందని, పిక్కలు రోజూ మెల్లగా సాగదీయమని, ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మని చెప్పి పంపింది. ఆ 'చాలామంది' దగ్గరే ప్రీతి ఆగిపోయింది. ఆమె ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది. ధర్మపురిలో ఒక ప్రైవేటు బడిలో ప్లస్‌టూ పిల్లలకు పాఠాలు చెబుతుంది. చాలామంది అంటే నూటికి ఎంతమంది, మిగిలినవాళ్ళ సంగతేమిటి అని అడగబోయి, బయట కూర్చున్న జనాన్ని చూసి అడగలేక వచ్చేసింది. ఆ రోజు నుంచి తానే లెక్క మొదలుపెట్టింది. పొద్దున్నే బిడ్డ కాళ్ళు తడిపి మిద్దె మీద నడిపించడం, మడమ గుర్తు పడిన అడుగులెన్నో నోటుబుక్కులో రాసుకోవడం. నూటికి పదమూడు. నూటికి పదకొండు. మళ్ళీ పదమూడు.

మొగుడు ప్రభు హోసూరులో కంపెనీ పని. "మా చిన్నాయన కూడా అట్లే నడిచినాడంట, ఇప్పుడు టమోటా పెట్టెలు మూడు మూడు ఎత్తలేదా?" అని బస్సుకు పరుగెత్తేవాడు. అత్త మాదమ్మకు చెబితే మధ్యాహ్నానికి వీధి చివరిదాకా తెలుస్తుంది. పక్కింటివాళ్ళు పాపకు డాన్సు నేర్పిస్తున్నారా అని అడిగితే ప్రీతి అవునని నవ్వేసేది. ఆ నవ్వు మీద ఆమెకే అసహ్యం పుట్టేది. చివరికి ఇళవరసికి చెప్పుకుంది. ఆ ఇంట్లో నడకల గురించి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఇళవరసి యానిమేటరు. ఇంట్లో ఎవరికీ ఆ మాట నోరు తిరగదు. "మా అమ్మి బొమ్మలకు నడక నేర్పిస్తాది" అంటుంది మాదమ్మ. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు. బెంగళూరులో ఒక స్టూడియో, పిల్లలు ఫోనులో చూసే కార్టూన్లు తీస్తుంది. ఇళవరసి వాళ్ళకు మిద్దె మీది గదిలో కూర్చునే పని చేస్తుంది. ఆమె గీసే నల్లటి పరికరాన్ని ఇంట్లో అందరూ పలక అంటారు. దాని మీద బలపంలా పట్టుకునే పెన్నుతో గీస్తే గీత కంప్యూటరులో పడుతుంది. సెకండు నడకకు పన్నెండు బొమ్మలు. కోడి గడప దిగి గింజల దాకా వచ్చేసరికి ఒక పూట అయిపోతుంది. కుడి మణికట్టుకు ఎప్పుడూ ఒక గుడ్డపట్టీ ఉంటుంది. అది విప్పిందంటే ఆ రోజుకు పని అయినట్టు.

ఆమె ఏ బొమ్మకూ నడకను ఊరికే పుట్టించదు. ఎవరో ఒకరి దగ్గర తెచ్చుకుంటుంది. ముందు ఆ మనిషిని కొన్నాళ్ళు చూస్తుంది. తర్వాత మిద్దె మీద తానే అట్లా నడిచి, ఫోనులో తీసి, ఆపి ఆపి చూసి గీస్తుంది. ఇరవయ్యారేళ్ళ పిల్ల పట్టపగలు మిద్దె మీద ఎద్దులా, కోడిలా నడుస్తుంటే ఎదురింటివాళ్ళు మొదట్లో మాదమ్మను పిలిచి మంత్రం వేయించమన్నారు. ఇప్పుడు వాళ్ళూ చూడటం మానేశారు.

కార్టూనులో కోడిది మాదమ్మ నడక. ముసలి ఎద్దుది తండ్రి అంజనప్ప నడక. వెల్లిచందైలోని టమోటా తోటలో గట్ల మీద నడిచీ నడిచీ ఆయన తారు రోడ్డు మీద కూడా ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టే నడుస్తాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసే ఉడుతది ప్రీతి నడక. బయలుదేరిన ప్రతిసారీ తాళం వేశానా లేదా అని ఆమె చూసే చూపు అది. కొత్త కథ వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ చేరి ఏది ఎవరి నడకో కనిపెట్టడం ఆ ఇంట్లో ఒక ఆట.

"నేను అట్ల తల ముందరికి వేసుకుని పోతానా?" అని మాదమ్మ మూతి తిప్పింది ఒకసారి.

"నువ్వు యాడ పోతావు? తల పోతాది. నువ్వు దాని వెనకాల వస్తావు," అన్నాడు అంజనప్ప.

ఆ రోజు అందరూ నవ్వారు. ప్రీతి కూడా.

శక్తి సంగతి చెప్పినప్పుడు ఇళవరసి నవ్వలేదు. భయం లేదని కూడా అనలేదు. బిడ్డను నాలుగు రోజులు వీడియో తీసి, ముక్కముక్కగా చూసి చెబుతానంది. ప్రీతికి ఆ మాట నచ్చింది. కొలిచి చెప్పే మనిషి దొరికింది. పసుపు గౌను వేసుకున్న శక్తిని నీళ్ళ తొట్టి దగ్గర నుంచి ఎండుమిరపకాయల దాకా, అంటే ఆరబోసిన చోటు దాకా, మళ్ళీ వెనక్కి, నాలుగు పొద్దులు నడిపించారు.

ఐదో రోజు ఇళవరసి ప్రీతిని గదిలోకి పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. శక్తి ఎక్కడికో పరుగున పోవాలనుకున్నప్పుడు మడమ లేస్తుందని, ఒక చోట నిలబడి దేన్నైనా చూస్తున్నప్పుడు రెండు మడమలూ నేలకు ఆనుతున్నాయని ఆపి ఆపి చూపించింది. ప్రీతి తన లెక్కలో నిలబడ్డ క్షణాలను ఎప్పుడూ కలపలేదు. అడుగులే లెక్కపెట్టింది. ఆ పూట ఆమె కడుపునిండా అన్నం తిన్నది. తినే ముందు ఒక్క మాట అడిగింది.

"ఇది మన ఇద్దరి మధ్యనే ఉండల్ల అరసీ."

"ఇంకెవరికి చెప్తాను వదినా," అంది ఇళవరసి.

సెప్టెంబరు చివర్లో క్వార్టర్లీ పరీక్షలు అయిపోయి సెలవులొచ్చాయి. బడులు మూతపడితే అందరికీ తీరిక, ఇళవరసికి మాత్రం ఊపిరాడదు. పిల్లలంతా ఇళ్ళలో ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు గనక స్టూడియో సెలవు రోజుల్లో రోజుకొక కొత్త కథ వేస్తుంది. ఆమె తెల్లారకముందే లేచి పలక ముందు కూర్చునేది. పొద్దున కాఫీ చల్లారిపోయేది. పది గంటలకు మాదమ్మ టిఫిను తట్ట తెచ్చి పక్కన పెట్టి, తిన్నావా అని మూడుసార్లు కింద నుంచే కేకేసేది. మధ్యాహ్నం ఇళవరసి కిందికి దిగి ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో చెయ్యి ముంచుకుని పది నిమిషాలు కళ్ళు మూసుకునేది. అప్పుడు శక్తి ఆమె ఒళ్ళో ఎక్కి కూర్చుని అదే నీళ్ళలో తన చెయ్యీ ముంచేది. సెలవుల్లో ఇంట్లోనే ఉన్న ప్రీతి ఇదంతా చూసి జాలిపడేది. రెండుసార్లు ఆమె వంతు బట్టలు కూడా తానే ఉతికింది.

ఈసారి కథల్లో కొత్తగా ఒక గొర్రెపిల్ల వస్తోంది. ప్రీతికి తెలిసింది అంతవరకే. ఆ గొర్రెపిల్లకు ఇళవరసి గీసి పంపిన నడకలు మూడు తిరిగొచ్చాయని, వాటిలో జీవం లేదన్నారని, ఆ రోజే సాయంత్రానికి నాలుగోది కావాలన్నారని తెలియదు. నాలుగోదాన్ని ఆమె ఎక్కడి నుంచి తెచ్చిందో అసలే తెలియదు.

ఆయుధపూజ వచ్చింది. ఆ ఇంట్లో పూజకు పెట్టిన పనిముట్టును మర్నాడు విజయదశమి పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ముట్టరు. అంజనప్ప కొడవళ్ళు, పార, మందు కొట్టే డబ్బా కడిగి పెట్టాడు. ప్రభు బండికి మామిడాకులు కట్టాడు. ప్రీతి శక్తి అడుగుల లెక్క రాసే నోటుబుక్కు మీద స్కేలు పెట్టింది. వాటి పక్కన ఇళవరసి పలక, పెన్ను, కంప్యూటరు. మాదమ్మ పలక నాలుగు మూలలా గంధం పెట్టి, నడుమ కుంకుమ పెట్టబోతే ఇళవరసి చెయ్యి పట్టుకుని ఆపింది. అక్కడ పెడితే రేపటి నుంచి తన గొర్రెలన్నిటికీ బొట్టు వస్తుందంది. గుమ్మడికాయ కొట్టారు. బొరుగులు, పుట్నాలు పంచారు.

సరిగ్గా అప్పుడే స్టూడియో నుంచి ఫోను వచ్చింది. గొర్రెపిల్ల కథలో ఏదో మార్చాలట, ఇప్పుడే కావాలట. ఇళవరసి పలక వైపు చూసింది. మాదమ్మ ఇళవరసి వైపు చూసింది.

"ఫోను మాత్రం ముట్టొచ్చా?" అని అడిగింది కూతురు.

"ఫోను పనిముట్టా? అది నోరు," అంది మాదమ్మ. "నోటికి ఎవరు పూజ చేస్తారు? పో, మాట్లాడు."

ఇళవరసి మెట్ల మీద కూర్చుని మాట్లాడింది. కంప్యూటరు ముందుంటే ఏ బొమ్మలు కావాలో అవి మాత్రం ఏరి పంపేది. ఇప్పుడు అది పూజలో ఉంది. అందుకని ఫోనులోనే, గొర్రెపిల్ల పేరున దాచిన ఫోల్డరు మొత్తం వాళ్ళకు తెరిచి ఇచ్చేసింది. మీరే మార్చుకోండి, నాకు ఇవాళ సెలవు అంది. చాలా ఏళ్ళ తర్వాత పూజ రోజు పూర్తిగా ఇంటి మనిషిగా కూర్చున్నానని ఆ మధ్యాహ్నం వదినతో చెప్పుకుని మురిసిపోయింది కూడా.

మూడో రోజు ప్రీతి కొత్తిమీర కోసం వీధి చివరి అంగడికి పోయింది. అక్కడ ఆమె బడిలో ఆరో తరగతి చదివే తమిళ్‌సెల్వి తన తల్లి పక్కన నిలబడి ఫోను చూసుకుంటోంది. మిస్సును చూసి ఆ పిల్ల ముఖం వెలిగింది. ఫోను తిప్పి చూపిస్తూ, ఇది మీ పాపే కదా మిస్ అని అడిగింది.

తెర రెండుగా చీలి ఉంది. ఎడమ వైపు పసుపు గౌనులో శక్తి, నీళ్ళ తొట్టి దగ్గర నుంచి ఎండుమిరపకాయల వైపు మునివేళ్ళ మీద పోతోంది. కుడి వైపు ఒక గొర్రెపిల్ల అట్లాగే, అడుగుకు అడుగు. మడమ నేలకు ఆనని ప్రతి అడుగుకూ టింగుమని ఒక చప్పుడు పెట్టారు. చివర్లో గొర్రెపిల్ల బోర్లా పడింది. చాలామంది ఒక్కసారిగా నవ్విన చప్పుడు వినిపించింది. మా గొర్రెపిల్లకు నడక నేర్పింది ఎవరో చూడండి అని కింద తమిళంలో రాసి ఉంది.

"చానా బాగుంది మిస్," అంది తమిళ్‌సెల్వి. ఆ పిల్ల అన్నది మనసులో ఏమీ పెట్టుకుని కాదు.

ప్రీతి కొత్తిమీర తీసుకోకుండానే వచ్చేసింది. దారిలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికి వచ్చేసరికి పక్కింటి వాకిట్లో ఇద్దరు పిల్లలు మునివేళ్ళ మీద నడిచి, బోర్లా పడి, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ళ నడుమ శక్తి కూడా పడి లేస్తోంది. తల్లిని చూసి, తాను ఫోనులో వచ్చానని గొప్పగా చెప్పింది. చెప్పి, మళ్ళీ పది అడుగులు నడిచి, కావాలనే పడి, నవ్వు కోసం తల ఎత్తి చూసింది.

వంటింట్లో ఇళవరసి సంగటి తింటోంది. ప్రీతి ఫోనులో ఆ వీడియో పెట్టి తట్ట పక్కన ఉంచింది. ఇళవరసి చెయ్యి తట్టలోనే ఉండిపోయింది.

"వీడియో నేను ఇయ్యలేదు వదినా," అంది చివరికి. "ఫోల్డరుతో పోయింది. అందులో ఉండాదని ఆ పొద్దు మతికి రాలేదు. పడేది కూడా నేను గీసింది కాదు, వాళ్ళు చేర్చినారు."

"సరే, వీడియో పొరపాటున పోయింది. నడక?"

ఇళవరసి తల దించుకుంది. "నడక నేనే ఇచ్చినాను."

"నన్ను అడగలేదే?"

"అడిగితే వద్దంటావని."

ప్రీతికి వీడియో చూసినప్పటి కంటే ఈ మాటకే ఎక్కువ నొప్పి పుట్టింది. మర్చిపోయానని అన్నా, తెలియక చేశానని అన్నా మనసు ఎక్కడో సర్దుకునేది. వద్దంటానని తెలిసీ తీసుకుంది. తన భయాన్ని కొలిచి చూపించిన మనిషే ఆ కొలతను బొమ్మకు తొడిగింది.

ఇళవరసి చెప్పుకొచ్చింది. మూడు నడకలు తిరిగొచ్చాక తన చేతికి వచ్చిన ఒకే ఒక్క జీవమున్న నడక అదేనంది. తాను రాసుకున్న కథలో గొర్రెపిల్ల రాగి చేను మీదుగా దారి చూడటానికి మునివేళ్ళ మీద లేస్తుందని, మందలో అందరికంటే ముందు దారి కనిపెట్టేది అదేనని, ఏదో ఒక రోజు శక్తికి చూపించి ఇది నువ్వే అని చెప్పాలనుకున్నానని అంది. అబద్ధం కాదని ప్రీతికి తెలుసు. తెలిసినందువల్ల కోపం తగ్గలేదు.

గొడవ విని లోపలికొచ్చిన మాదమ్మ సర్దబోయింది. తాను కోడిగా ఊరంతా తిరిగినా ఊరుకోలేదా అని, గొర్రెపిల్ల ముద్దుగానే ఉందని అంది.

"మీ నడక చూసి ఎవరూ డాక్టరు దగ్గరికి పొమ్మనలేదు అత్తా," అంది ప్రీతి.

అట్లా ఆ సంగతి మాదమ్మకూ తెలిసిపోయింది. ఆశ్చర్యమేమంటే, ఆమె వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నుంచి నువ్వుల నూనె వేడిచేసి బిడ్డ పిక్కలకు తానే రాయడం మొదలుపెట్టింది. నోరు కట్టుకోదని ప్రీతి భయపడిన మనిషి కట్టుకుంది. కట్టుకుంటుందని నమ్మిన మనిషి...

ఇళవరసి ఆ మధ్యాహ్నమే స్టూడియోతో తగువు పెట్టుకుంది. ఒకటిన్నర రోజుకు ఆ రెండు ముక్కల వీడియో తీసేశారు. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరికీ తెలియదు. గొర్రెపిల్ల పడటం తీసేయమంటే మాత్రం కుదరదన్నారు. పిల్లలకు నచ్చిందే అది, దీపావళి కథలన్నిటిలోనూ అదే ముఖ్యం అన్నారు. అయితే ఇక గొర్రెపిల్లను తాను గీయనని ఇళవరసి తెగేసి చెప్పింది. వాళ్ళు నొచ్చుకోలేదు కూడా. ఇంకొకరికి ఇచ్చారు. ఆ కొత్త చేతికి నడక కొంచెం కూడా తప్పలేదు. పన్నెండు బొమ్మలూ ఇళవరసి గీసి ఇచ్చినవే గదా. తాను గీసిన నడకను తానే ఫోనులో చూస్తూ, ఆరేళ్ళ పనిలో మొదటిసారి అది తనది కాదని ఆమెకు తెలిసొచ్చింది. అది ప్రీతి చూసింది. చూసి, బట్టలు మడత పెట్టుకుంది.

తర్వాత పదకొండు రోజులు వాళ్ళ మధ్య మాట లేదు. అన్నానికి పిలవమని, నీళ్ళు వస్తున్నాయని, కరెంటు పోయిందని అన్నీ మాదమ్మ ద్వారానే.

"నేనేమన్నా తపాలా పెట్టెనా?" అని ఆమె ఇద్దరినీ తిట్టింది. అంజనప్ప తోటకు పోతూ, ఆ పెట్టెకు తాళం మాత్రం లేదనేసి పోయాడు. ఎవరూ నవ్వలేదు. నడకలు కనిపెట్టే ఆట ఆగిపోయింది. ఇళవరసి ఇప్పుడు ఏ నడకా ఎవరి దగ్గరా తీసుకోవడం లేదు. మిద్దె మీద తన నడకనే తాను తీసుకుని గీస్తోంది. ఈమధ్య కార్టూనులో జంతువులన్నీ ఒకేలా నడుస్తున్నాయని ప్రభు అన్నాడు.

శక్తి లెక్క పాడైపోయింది. నూటికి మూడు. నూటికి రెండు. ఒక రోజు సున్నా. బిడ్డ గొర్రెపిల్లలా నడుస్తోందో, తనలా నడుస్తోందో తెలియకుండా పోయింది. చూసేవాళ్ళున్నారని తెలిసిన నడకను కొలిచి లాభం లేదని ప్రీతికి తెలుసు. ప్రయోగశాలలో పిల్లలకు చెప్పే పాఠమే అది. అయినా ప్రతి పొద్దూ బిడ్డ కాళ్ళు తడిపేది.

పన్నెండో రోజు పొద్దున ఆమె నేల మీద వంగి గుర్తులు లెక్కపెడుతుంటే గది తలుపు దగ్గర ఇళవరసి వచ్చి నిలబడింది. గడప దాటి బయటికి రాలేదు. చేతిలో ఫోను లేదు. అది చూపించడానికే అన్నట్టు రెండు చేతులూ తలుపుచెక్క మీద పెట్టింది. కుడి మణికట్టుకు పట్టీ ఉంది.

"వదినా, నన్ను నమ్మమని అడగలే. పని నేర్చుకునేటప్పుడు మొదట నాకు చెప్పిన పాఠం ఒకటి ఉండాది, అది చెప్పి పోతాను."

ప్రీతి తల ఎత్తలేదు. లెక్క మాత్రం ఆపింది.

"నడక కాలిలో పుట్టదు. ముందర కండ్లు పోతాయి. వాటి వెనక తల, ఆమీదట ఒళ్ళు. కాలు అందరికంటే కడాన వస్తాది. నువ్వు కాలితో మొదలుపెట్టి చూస్తా ఉండావు. బిడ్డ యాడికి పోవల్లనుకుంటాందో చూడు ముందు. కాలు కడాన చూడు."

చెప్పి లోపలికి పోయింది. ఇప్పటికీ ఇళవరసి ఫోను తీస్తే ప్రీతి బిడ్డను ఎత్తుకుని కిందికి దిగిపోతుంది. అన్నానికి పిలుపులు మాత్రం మళ్ళీ నేరుగానే సాగుతున్నాయి. డాక్టరమ్మ దగ్గరికి పోవడానికి ఇంకా మూడు నెలలుంది. పిక్కలు సాగదీయడం, నూనె రాయడం మానలేదు. నోటుబుక్కు మాత్రం ఆయుధపూజ నాటి కుంకుమతో అలమరలో ఉంది.

పొద్దున్నే తల్లీబిడ్డలిద్దరూ మిద్దె ఎక్కుతారు. బిడ్డ కాళ్ళు ఇప్పుడు తడపడం లేదు. నిన్న శక్తి కళ్ళు పిట్టగోడ మీది ఉడుత మీద ఉన్నాయి. మొన్న అవ్వ ఆరేసిన చింతపండు మీద. ప్రీతి ముందు ఆ కళ్ళను చూస్తుంది, తర్వాత తలను, తర్వాత ముందుకు వంగిన ఆ చిన్న ఒంటిని. కాలును కడాన చూస్తుంది.